గృహమే గురుకులము
(ఆంథొనీ నారిస్ గ్రోవ్సు జీవితకథ)

గోదావరి ఆనకట్టను నిర్మించిన కాటన్ దొరను తెలుగు రైతు మరువలేదు. బ్రిస్టలు పట్టణములో వేలాది అనాథలను పోషించిన జార్జి ముల్లరును తెలుగు విశ్వాసి మరువలేదు. ఈ ఇద్దరి జీవితములతోను సంబంధము గలిగి, చిత్తూరులో కాపురముండి, నరసాపురము పాలకొల్లు ప్రాంతములకు మొదటి సువార్తికులను తోడుకొని వచ్చిన ఆంథొనీ నారిస్ గ్రోవ్సు గారి పేరు మాత్రము మన గృహములలో అంతగా వినబడదు. వినబడినప్పుడైనను ఆయన త్యాగమును గూర్చియు, విశ్వాసజీవితమును గూర్చియు చెప్పుకొందుమే గాని, ఇద్దరు చిన్న కుమారులను వెంటబెట్టుకొని దేశదేశములు తిరిగిన తండ్రిగా ఆయనను తలంచుకొనుట అరుదు. ఆ పిల్లల చదువు ఎట్లు సాగెను? బడి లేని చోట వారికి బడి ఎవరు? తల్లిదండ్రులైన మన పాఠకులకు ఈ ప్రశ్న మిక్కిలి సమీపమైనది. గనుక ఆ భాగమును ముఖ్యముగా పెట్టుకొని ఆయన జీవితమును ఇచ్చట వివరింతుము.

గ్రోవ్సు 1795వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన ఇంగ్లాండులోని హాంప్‌షైరులో జన్మించెను. యౌవనమున బంధువు యొద్ద దంతవైద్యము నేర్చి, పందొమ్మిదేండ్ల ప్రాయముననే ప్లిమత్ పట్టణములో ఆ వృత్తి ప్రారంభించెను. 1816లో తన బంధువర్గములోని మేరీ బెథియా థాంప్సన్ అను కన్యను వివాహమాడి, తరువాత ఎక్సిటర్ పట్టణమునకు వచ్చి స్థిరపడెను. అచ్చట ఆయన వైద్యమునకు మంచి పేరు వచ్చెను. ఏటికి పదిహేను వందల పౌండ్ల ఆదాయము వచ్చుచుండెను. ఆ దినములలో అది సామాన్యమైన ధనము కాదు. 1818లో పెద్ద కుమారుడైన హెన్రీయు, కొలది కాలము తరువాత ఫ్రాంకును జన్మించిరి.

సువార్త సేవకు దూరదేశము పోవలెనను కోరిక గ్రోవ్సు హృదయములో చాల కాలమునుండి యుండెను. భార్యకు మాత్రము అది సమ్మతము కాలేదు. ఆయన ఆమెను బలవంతపెట్టలేదు, ఏండ్ల తరబడి కనిపెట్టెను. ఇద్దరును కలిసి ఆదాయములో మొదట పదియవ భాగమును, పిమ్మట నాలుగవ భాగమును, కడకు తమ అవసరములకు మించినదంతయు బీదలకును దేవుని పనికిని ఇచ్చుచు వచ్చిరి. బీదల ఇండ్లకు వెళ్లి వారి కష్టములను కన్నులార చూచిన కొలదియు మేరీ మనస్సు మారెను. భర్తను ఆటంకపరచిన ఆమెయే కడకు ఆయనతో సమానముగా సిద్ధపడెను. 1825లో గ్రోవ్సు క్రైస్తవ సమర్పణను గూర్చి ఒక చిన్న పుస్తకము ప్రచురించెను. విశ్వాసి తన కొరకును తన పిల్లల కొరకును భూమిమీద ధనము కూడబెట్టరాదనియు, ప్రభువు మాటను అక్షరాలా నమ్మి నడువవలెననియు అందు వాదించెను. ముల్లరు వంటివారిమీద ఆ బోధయు, ఆ మాదిరియు గొప్ప ప్రభావము చూపెను. 1830లో ముల్లరు గ్రోవ్సు చెల్లెలైన మేరీని వివాహమాడెను.

ఇచ్చట పాఠకుడు ఒక మాట అడుగవచ్చును. పెద్దవాడు తన సుఖమును విడుచుట సరే, అభము శుభము ఎరుగని పిల్లల ఆస్తిని కూడ విడిచిపెట్టుటకు తండ్రికి అధికారము కలదా? గ్రోవ్సు ఈ ప్రశ్నను తప్పించుకొనలేదు. పిల్లలకు ధనము మిగుల్చకపోయినను విద్యయు, దైవభక్తియు తప్పక మిగుల్చవలెనని ఆయన తలంచినట్లు ఆయన నడవడియే చూపుచున్నది. ఇతర విషయములలో ఎంతో మితముగా బ్రదికిన ఆ మనుష్యుడు కుమారుల ఉపాధ్యాయులను ఎన్నుకొనుటలో ఎన్నడును అశ్రద్ధ చేయలేదు.

మొదటి గురువు

1826లో హెన్రీ క్రేక్ అను స్కాట్లాండు యువకుడు ఎక్సిటరులోని ఆ గృహమునకు పిల్లల ఉపాధ్యాయుడుగా వచ్చెను. అతడు సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయములో చదివినవాడు, ప్రాచీన భాషలయందు ప్రవీణుడు. రెండేండ్లు ఆ ఇంటనుండి హెన్రీకిని ఫ్రాంకునకును పాఠములు చెప్పెను. అయితే ఆ ఇంట పాఠము నేర్చినవారు పిల్లలు మాత్రమే కారు. గ్రోవ్సు దంపతుల జీవితమును దినదినము దగ్గరనుండి చూచిన ఆ యువకుని ఆత్మీయ జీవితము అచ్చటనే బలపడెను. తరువాతి కాలమున క్రేక్ హెబ్రీ భాషలో పండితుడై, 1832 మొదలుకొని బ్రిస్టలులో ముల్లరుతో కూడ సంఘకాపరిగా మరణపర్యంతము సేవ చేసెను. చిన్న పిల్లలకు అక్షరములు నేర్పుటకు వచ్చినవాడు ఒక గొప్ప పరిచర్యకు సిద్ధపడి వెళ్లెను.

చెవిటి ఉపాధ్యాయుడు

రెండవ గురువు కథ మరింత ఆశ్చర్యకరమైనది. జాన్ కిట్టో 1804లో ప్లిమత్ పట్టణములో ఒక తాపీపనివాని ఇంట పుట్టెను. తండ్రి త్రాగుబోతు, ఇంట దారిద్ర్యము. 1817లో, పండ్రెండేండ్ల ప్రాయమున, తండ్రికి సహాయముగా పలకలు మోయుచు ఎత్తైన ఇంటి కప్పునుండి క్రిందపడి వినికిడిని సంపూర్ణముగా కోల్పోయెను. కొంతకాలము బీదల ఆశ్రమములో ఉంచబడి చెప్పులు కుట్టు పని నేర్చెను. చేత చిక్కిన పుస్తకమునెల్ల చదువుట ఒక్కటే అతని ఆనందము. 1824లో గ్రోవ్సు అతనిని తన యొద్దకు పిలిచి దంతవైద్యములో శిక్షణ ఇచ్చెను, పిదప ఒక మిషను ముద్రణాలయములో పని నేర్చుకొనుటకు తోడ్పడెను. 1829లో తాను తూర్పు దేశమునకు బయలుదేరునప్పుడు ఆ కిట్టోనే కుమారుల ఉపాధ్యాయుడుగా వెంటబెట్టుకొని పోయెను.

చెవులు వినబడనివానికి పిల్లల చదువు అప్పగించుట లోకదృష్టికి విపరీతముగా తోచును. శిష్యుల స్వరము ఎట్లుండునో ఆ గురువు ఎన్నడును ఎరుగడు. అయినను గ్రోవ్సు అతని లోపమును గాక అతని జ్ఞానతృష్ణను చూచెను. హెబ్రీ భాష, లేఖనములు, వేదాంతము, చరిత్ర, భూగోళము, గణితము, చేవ్రాత, ఆంగ్ల రచన ఇవన్నియు ఆ ఇద్దరు బాలురకు కిట్టో నేర్పెను. ఏ బడిలోను క్రమముగా చదివి యెరుగని ఆ గురువు, ప్రతి పాఠమునకు ముందు తానే విద్యార్థి కావలసివచ్చెను.

బాగ్దాదు మార్గము

1829 జూన్ 12వ తేదీన ఆ చిన్న సమూహము ఇంగ్లాండు తీరమును విడిచి ఓడలో సెయింట్ పీటర్స్‌బర్గునకు బయలుదేరెను. అచ్చటనుండి రష్యా దేశమంతయు బండ్లమీద దాటి, కాకసస్ పర్వతములను ఎక్కి దిగి, తబ్రీజు మీదుగా డిసెంబరు 6వ తేదీన బాగ్దాదు చేరిరి. సుమారు ఆరు మాసముల ప్రయాణము. పదేండ్ల ప్రాయపు హెన్రీయు, అతని తమ్ముడును పటములలో చూచిన నదులను కన్నులతో చూచిరి. అబ్రాహాము దాటిన దేశమును గూర్చి ఆదికాండములో చదివిన పిల్లలు ఆ టైగ్రిసు నదీతీరముననే కాపురముండిరి.

బాగ్దాదులో గ్రోవ్సు తన ఇంటి తలుపులు మూసికొని కుమారులకు మాత్రమే చదువు చెప్పించుకొనలేదు. 1830లో కార్ల్ ఫాండర్ అను జర్మను మిషనెరీ సహాయముతో ఆర్మేనియను బాలుర నిమిత్తము ఒక పాఠశాల తెరచెను. బాలికల బోధనలో మేరీ పాలుగొనెను. ఇంటి చదువును, ఊరి పిల్లల చదువును ఒకే పరిచర్యగా సాగెను.

1831 వసంతములో మహామారి తెగులు పట్టణములో ప్రవేశించెను. అచ్చటి బ్రిటిషు ప్రతినిధి బస్రాకు వెళ్లిపోవుచు తన పడవలలో గ్రోవ్సు కుటుంబమునకు స్థలము ఇవ్వజూపెను. ఎంతో ఆలోచించి, ప్రార్థించి, వారు నిలిచియుండుటకే నిశ్చయించుకొనిరి. తెగులు వేలాది ప్రజలను బలిగొనెను. అదే సమయమున టైగ్రిసు నది పొంగి ప్రాకారములను కూల్చి, ఒక్క రాత్రిలో వేలకొలది ఇండ్లను నేలమట్టము చేసెను. తరువాత శత్రుసైన్యము వచ్చి పట్టణమును ముట్టడించెను. ఆహారము దొరకుట కష్టమాయెను. పాఠశాల పిల్లలలో పెక్కుమంది చనిపోయిరి. మే 14వ తేదీన మేరీ గ్రోవ్సు ఆ తెగులుచేతనే మరణించెను. బాగ్దాదులో పుట్టిన పసిపాప ఆగష్టు మాసములో తల్లి వెంట వెళ్లెను. గ్రోవ్సు తానును జ్వరపడి, తాను కూడ పోయినయెడల ఈ పరదేశములో నా కుమారుల గతి ఏమని తల్లడిల్లెను. పిల్లలకు ధనము కూడబెట్టవద్దని వ్రాసిన చేయి ఆ దినములలో పిల్లల తలలమీద వణకియుండును.

ఈ ఘట్టమును మనము త్వరపడి దాటిపోరాదు. పడవలో వెళ్లిపోయియుండిన యెడల ఆ తల్లి బ్రదికియుండునేమో. నిలిచియుండుట విశ్వాసమా, లేక తెగింపా అని అప్పటివారు అడిగిరి, ఇప్పటివారును అడుగవచ్చును. గ్రోవ్సు తన సందేహములను, శోకమును తన దినచర్యలో దాచక వ్రాసికొనెను. నమ్మిక కోల్పోలేదు గాని, గాయము లేనట్లు నటింపలేదు. మరణమును, ఆకలిని, యుద్ధమును చూచిన ఆ పిల్లలు, దుఃఖించుచునే దేవుని పట్టుకొని నిలిచిన తండ్రిని కూడ చూచిరి. ఏ పుస్తకములోను లేని ఈ పాఠమును ఏ తండ్రియు తన పిల్లలకు కోరి నేర్పడు.

1832లో పార్నెల్, క్రోనిన్, ఫ్రాన్సిస్ న్యూమన్ మొదలగు సహసేవకులు బాగ్దాదు చేరిరి. ఆ సంవత్సరమే కిట్టో న్యూమనుతో కూడ స్వదేశమునకు ప్రయాణమాయెను. తూర్పు దేశమున తాను చూచిన కొండలు, వస్త్రములు, గుడారములు, ఆచారములు ఇవన్నియు అతని కలమునకు సామగ్రి ఆయెను. సచిత్ర బైబిలును, బైబిలు విజ్ఞాన కోశమును, అనుదిన పఠన గ్రంథములను రచించి లక్షలాది ఇండ్లకు వాక్యజ్ఞానము పంచెను. 1844లో గీసెన్ విశ్వవిద్యాలయము అతనికి వేదాంత డాక్టరు పట్టమిచ్చి గౌరవించెను. ఇద్దరు బాలుర ఎదుట పాఠము చెప్పుచు అభ్యసించినవాడు ఒక తరమునకంతయు ఉపాధ్యాయుడాయెను.

తెలుగు నేలకు

1833లో ఆర్థర్ కాటన్ అను యువ సైనిక ఇంజనీరు సెలవు ముగించుకొని ఇండియాకు తిరిగి వచ్చుచు బాగ్దాదు మార్గమున వచ్చెను. గ్రోవ్సు కుమారులను సహసేవకుల యొద్ద ఉంచి, కాటనుతో కూడ ఇండియాకు ప్రయాణమాయెను. బొంబాయి మొదలుకొని తిరునెల్వేలి, సింహళము, మద్రాసు, కలకత్తా వరకు మిషనుల పరిస్థితిని చూచెను. కలకత్తాలో అలెగ్జాండరు డఫ్ తీవ్రమైన వ్యాధితో ఇంగ్లాండునకు మరలునప్పుడు ఓడలో ఆయనకు పరిచర్య చేయుచు తోడుగా వెళ్లెను. 1835లో హారియట్ బేన్స్ అను విశ్వాసురాలిని వివాహమాడెను. 1836లో తిరిగి మద్రాసు వచ్చినప్పుడు ఆయన వెంట విలియం బౌడన్, జార్జి బీర్ దంపతులు వచ్చిరి. వీరే కృష్ణా గోదావరి జిల్లాలకు వెళ్లి, మచిలీపట్టణములోను, పిమ్మట నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలోను సువార్త ప్రకటించిరి. ధవళేశ్వరములో ఆనకట్ట పని జరుగుచున్న 1847-1852 సంవత్సరములలో అచ్చట గుమికూడిన కూలీలకు వారు వాక్యము చెప్పిరి. బాగ్దాదులో కలిసికొన్న ఇద్దరు మనుష్యుల పనులు ఈ విధముగా గోదావరి ఒడ్డున ఒకచోట చేరెను.

ఆ ఓడలోనే మూడవ గురువు కూడ వచ్చెను. ట్యూబింగెన్ విశ్వవిద్యాలయములో డాక్టరు పట్టము పొందిన హెర్మన్ గుండర్ట్ అను జర్మను యువకుడు గ్రోవ్సు కుమారులకు గృహోపాధ్యాయుడుగా నియమింపబడెను. ప్రయాణములోనే అతడు తెలుగును, మరికొన్ని ఇండియా భాషలను నేర్చుకొనుటకు పూనుకొనెను. హెన్రీ, ఫ్రాంకు అప్పటికి పసివారు కారు, యౌవనస్థులు. గుండర్ట్ తిరునెల్వేలిలోను చిత్తూరులోను పనిచేసి, 1838లో జూలీ డూబ్వాను వివాహమాడి బాసెలు మిషనులో చేరి మలబారునకు వెళ్లెను. 1872లో వెలువడిన అతని మలయాళ నిఘంటువు నేటికిని ఆ భాషకు ఆధారగ్రంథము. క్రేక్, కిట్టో, గుండర్ట్ ఈ ముగ్గురును ఒకే ఇంటి బడిలో ఉపాధ్యాయులుగా నుండిరని తెలిసినవారు స్వల్పసంఖ్యాకులు.

చిత్తూరు పొలము

1837లో గ్రోవ్సు చిత్తూరులో స్థిరపడెను. పౌలు డేరాలు కుట్టి జీవనము గడుపుకొన్నట్లు, సువార్తికులు తమ చేతిపనితో జీవింపవలెనని ఆయన ఆశయము. మద్రాసులో తాను దంతవైద్యము చేసి జీవించెను. చిత్తూరులో భూమి సంపాదించి, విశ్వాసులకు పని కల్పించు నిమిత్తము వ్యవసాయము, పట్టుపురుగుల పెంపకము ప్రారంభించెను. కుమారులును పొలములో పాలుపుచ్చుకొనిరి. హెబ్రీ అక్షరములు దిద్దిన చేతులు నాగలిని పట్టుకొనెను. పుస్తకము చదివినవాడు మట్టి ముట్టరాదను భావము మన దేశమున ఎంత బలమైనదో మనకు తెలియును. ఆ ఇంట అట్టి భేదము లేకపోయెను.

అయితే పట్టు వ్యాపారము విస్తరింపజేయుటకు గ్రోవ్సు అప్పు చేసెను. వ్యాపారము నష్టపడెను. అప్పు తీర్చుటకు ఏండ్లు పట్టెను, మనశ్శాంతి తగ్గెను, సువార్త పనికి కాలము చాలకపోయెను. ఈ భారములో కుమారులు తండ్రిని విడిచిపెట్టలేదు. మైసూరు రాజ్యములోని పాలహళ్లిలో చక్కెర పరిశ్రమ నడిపిరి. విశ్వాసమువలన జీవింపవలెనని బోధించిన తండ్రి అప్పులలో చిక్కుకొనుటను వారు చూచిరి. ఆయన ఆ విషయమున తాను దారి తప్పితినని దాచక ఒప్పుకొనుటను కూడ చూచిరి. తండ్రి లోపమును ఎరిగిన కుమారుడు తండ్రి దేవుని కూడ తృణీకరించుట మనము ఎన్నో ఇండ్లలో చూచుచున్నాము. ఆ ఇంట అట్లు జరుగలేదు.

1852లో గ్రోవ్సు రోగియై ఇంగ్లాండునకు మరలెను. 1853 మే 20వ తేదీన బ్రిస్టలులో ముల్లరు ఇంట ప్రభువునందు నిద్రించెను. తన పని పెక్కు విషయములలో విఫలమైనదని ఆయన తలంచెను. కాని ఆయన తరిఫీదు పొందిన అరుళప్పన్ 1842లో తమిళదేశమున క్రిస్టియన్‌పేట అను విశ్వాసుల గ్రామమును స్థాపించెను, 1860లో ఆ ప్రాంతమున గొప్ప ఉజ్జీవము కలిగెను. గోదావరి జిల్లాలలో బౌడన్, బీర్ కుటుంబములు తరములు సేవ చేసిరి. పెద్ద కుమారుడైన హెన్రీ ఇంగ్లాండునకు వెళ్లి సంఘములలో బోధకుడై, 1872లో ప్రారంభమైన మిషనెరీ పత్రికకు సంపాదకులలో ఒకడాయెను. దేశదేశములలోని మిషనెరీల అక్కరలను ఇంగ్లాండు సంఘములకు తెలియజేయు ఆ పనిని 1891లో తన మరణము వరకు చేసెను. మిషనెరీ పిల్లల అగచాట్లు అతనికి ఒకరు చెప్పవలసిన పని లేకపోయెను.

మన గృహములకు

ప్రియ చదువరులారా, ఈ కథను చదివి పిల్లలనందరిని బడి మాన్పించుడని చెప్పుట మా ఉద్దేశము కాదు. గ్రోవ్సు తానే ఊరివారి కొరకు బడులు తెరచెను. అయితే పిల్లవాని చదువు మొత్తము బడికి అప్పగించి, ఫీజు కట్టుటతో తమ విధి తీరెనని తలంచు తల్లిదండ్రులకు ఈ జీవితము ఒక హెచ్చరిక. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయములో దేవుడు తన ప్రజలకిచ్చిన ఆజ్ఞను జ్ఞాపకము చేసికొనుడు. ఇంట కూర్చున్నప్పుడును, త్రోవను నడుచునప్పుడును, పండుకొనునప్పుడును, లేచునప్పుడును పిల్లలకు నేర్పుమని తండ్రులకు ఆజ్ఞాపించెను గాని, గురువులకు మాత్రమే గాదు. తిమోతికి బాల్యమునుండి లేఖనములు నేర్పినది ఏ పాఠశాలయు కాదు, అతని అవ్వయు తల్లియు.

మన తెలుగు దేశమునకు ఉత్తరమున బస్తరు అరణ్యములో చింతలనార్ వంటి గ్రామములున్నవి. 2005 తరువాత ఆ సీమలో చెలరేగిన హింసలో అనేక పల్లెల బడులు మూతపడెను. పిల్లలు దూరపు ఆశ్రమ పాఠశాలలకు పోవలసివచ్చెను, ఎన్నో కుటుంబములు గోదావరి దాటి ఖమ్మము ప్రాంతమునకు వలస వచ్చెను. బడి లేని ఊరిలో పిల్లవాని కేమి నేర్పుదుమను ప్రశ్న అచ్చటి తల్లిదండ్రులకు పుస్తకములోని ప్రశ్న కాదు. అట్టి స్థలములలో సేవచేయు సువార్తికుల ఇండ్లలోను ఇదే ప్రశ్న కలదు. దూరమున హాస్టలులో పెట్టిన పిల్లవాడు చదువు నేర్చును గాని తండ్రి ప్రార్థన వినడు. యొద్దనుంచుకొనిన పిల్లవాడు ప్రార్థన వినును గాని లెక్కలు ఎవరు చెప్పుదురు? దీనికి సులభమైన జవాబు లేదు. ప్రతి కుటుంబము దేవుని సన్నిధిని తేల్చుకొనవలసినదే.

గ్రోవ్సు జీవితము మాత్రము కొన్ని సంగతులు స్పష్టముగా చూపుచున్నది. ఆయన సర్వము తానే నేర్పుటకు ప్రయత్నింపలేదు, తనకంటె ఎక్కువ తెలిసినవారిని వెదకెను. వారిని జీతగాండ్రుగా గాక కుటుంబములోనివారినిగా ఎంచెను. లోకము పనికిరాడనిన చెవిటివానిని గురువుగా నిలిపెను. తన పిల్లల చదువును ఊరి పిల్లల చదువునుండి వేరుచేయలేదు. చేతిపనిని చదువునకు తక్కువగా ఎంచలేదు. తన తప్పిదమును పిల్లల ఎదుట కప్పిపుచ్చలేదు. వీటిలో ఒక్కదానికైనను ధనము అక్కరలేదు. బీద సువార్తికుని పూరింటిలోను ఇవి సాధ్యమే. మన సంఘములలో చదువుకొన్న యువకులు, పని విరమించిన ఉపాధ్యాయులు లేకపోలేదు. అడవి గ్రామములో పనిచేయు సేవకుని బిడ్డలకు ఏటికి రెండు మాసములు పాఠములు చెప్పి వచ్చుటకు ఒక్కరు సమ్మతించినను, అది సంఘము ఆ సేవకునికి పంపు కానుకలలో శ్రేష్ఠమైనది.

ఈ సంవత్సరము మన ఇంటి దీపము వెలిగించి పిల్లలను చుట్టును కూర్చుండబెట్టుకొను ప్రతి సాయంకాలమున, బాగ్దాదులోని ఆ ఇంటిని జ్ఞాపకము చేసికొందము. తల్లిలేని ఆ ఇద్దరు బాలురను విడువని దేవుడు మన బిడ్డలను కూడ విడువడు. వారికి నేర్పు ఓపికను, నేర్పినట్లు నడుచు కృపను ఆయన మనకు అనుగ్రహించును గాక.